మొత్తం జీవితమా, మూడు నెలలా? పౌరహక్కుల బయోపిక్‌కి ఏది మేలు?

పౌరహక్కుల నాయకుల మీద వచ్చిన సినిమాల గురించి ఎప్పుడు రాసినా ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది. అలబామాలోని సెల్మా ఊళ్లో నల్లవాళ్ల ఓటు హక్కు కోసం మార్టిన్ లూథర్ కింగ్ నడిపిన ఉద్యమం మీద 2014లో వచ్చిన 'సెల్మా' 2 కోట్ల డాలర్లలో ఎలా పూర్తయింది? అంతకు 22 ఏళ్ల ముందు, నల్లజాతి నాయకుడు మాల్కం ఎక్స్ జీవితం మీద తీసిన 'మాల్కం ఎక్స్' 3.3 కోట్లు దాటి ఎందుకు పోయింది? రెండూ నల్లజాతి దర్శకుల సినిమాలే. రెండు కథలూ 1965 తొలి నెలల్లోనే ముగుస్తాయి. రెండింటికీ కాస్ట్యూమ్స్ చేసింది కూడా ఒక్కరే, రూత్ కార్టర్. ఈమధ్య కథలు రాసుకుంటున్న కుర్రాళ్లు ఇదే ప్రశ్నను మరోలా అడుగుతున్నారు: ఒక నాయకుడి కథ తీయాలంటే పుట్టుక నుంచి చావు దాకా తీయడం మేలా, ఒక్క ఘట్టం పట్టుకోవడం మేలా?

ముందు అంకెలను ఒకే తూకంలో పెడదాం. 1992 నాటి 3.3 కోట్ల డాలర్లను 2014 ధరల్లోకి మారిస్తే దాదాపు 5.5 కోట్లు అవుతుంది. 1982లో వచ్చిన 'గాంధీ'కి అయింది 2.2 కోట్లు. అదీ 2014 లెక్కలో 5.4 కోట్ల దగ్గర తేలుతుంది. అంటే జీవితం మొత్తం చెప్పిన రెండు సినిమాలూ ఇంచుమించు ఒకే ఖర్చు, ఒక్క ఘట్టం చెప్పిన సినిమా అందులో మూడోవంతుకు కాస్త పైన.

"అవి మూడు గంటల సినిమాలు కదా, ఖర్చు ఎక్కువే అవుతుంది" అనేవాళ్లుంటారు. నిడివిని కూడా లెక్కలో వేసి చూడండి. 'మాల్కం ఎక్స్' 202 నిమిషాలు, 'గాంధీ' 191, 'సెల్మా' 128. అదే 2014 ధరల్లో నిమిషానికి 'మాల్కం ఎక్స్'కి 2.7 లక్షల డాలర్లు, 'గాంధీ'కి 2.8 లక్షలు, 'సెల్మా'కి 1.6 లక్షల లోపు. తెర మీద కనిపించే ఒక్కో నిమిషం కూడా సగానికి కాస్త ఎక్కువ ఖర్చుతోనే తయారైంది. కాబట్టి ఇది నిడివి ఒక్కదానితో తేలే విషయం కాదు. హీరో పారితోషికం కూడా ఇంత తేడా తేదు. నా దృష్టిలో అసలు కారణం కథలో ఎన్ని కాలాలు ఉన్నాయన్నదే.

పీరియడ్ సినిమాలో కాలం మారడమంటే యూనిట్ మొత్తం ఇల్లు మారినట్టే. రోడ్డు మీద కార్లు, షాపుల బోర్డులు, కరెంటు స్తంభాలు, గోడ మీద పోస్టర్లు, ఆడవాళ్ల జుట్టు, మగవాళ్ల టోపీలు, చివరికి బల్ల మీది గాజు సీసా కూడా మారాలి. 'మాల్కం ఎక్స్'లో 1920లు, 30ల చిన్నతనం ఉంది. 40ల బోస్టన్, న్యూయార్క్‌లోని హార్లెం ఉన్నాయి. జైలు, 50ల మత ప్రచారం, 1964 హజ్ యాత్ర, 1965 ఫిబ్రవరి 21న ఆడుబాన్ బాల్‌రూంలో హత్య, ఇవన్నీ ఉన్నాయి. ప్రతిదానికీ ఆర్ట్ డిపార్ట్‌మెంట్ మొదటి నుంచి మొదలుపెట్టాల్సిందే.

బోస్టన్ డాన్స్ హాల్ సీన్ ఒక్కటి తీసుకుందాం. మోకాళ్ల దాకా వేలాడే కోటు, తొడల దగ్గర బుడగలా ఉబ్బి చీలమండ దగ్గర బిగిసే ప్యాంటు, వెడల్పాటి టోపీ. వీటిని జూట్ సూట్ అంటారు. కొలతలు తీసి కుట్టించాలి. అద్దెకు దొరికినవాటితో హాలు నింపలేం. ఆడవాళ్ల గౌన్లు తిరిగేటప్పుడు అందంగా విచ్చుకోవాలి. లిండీ హాప్ డాన్స్ చేసేవాళ్లకు రిహార్సల్స్ కావాలి, వేదిక మీద బ్యాండు కావాలి. మాల్కంగా నటించిన డెంజెల్ వాషింగ్టన్ జుట్టు నిక్కబొడుచుకోకుండా సాపు చేసి ఎర్రగా ఉండాలి. తెర మీద కొన్ని నిమిషాల్లో ఆ సంబరం అయిపోతుంది. మాల్కం జైలుకు వెళ్లి బయటికొచ్చాక ఆ బట్టలకు సినిమాలో పని లేదు. ఆ సీన్ అనవసరం అని నేను అనను. తర్వాత వచ్చే నల్ల సూటు, కళ్లజోడు, క్రమశిక్షణ మనకు అంత బలంగా తగలడానికి కారణం ఆ ఎర్ర జుట్టు కుర్రాడే. కానీ దాని ధర ఎంతో రాసుకునేటప్పుడే తెలియాలి.

'సెల్మా' ఏం చేసిందో చూడండి. మొదట్లో వచ్చే రెండు మూడు సందర్భాలు వదిలేస్తే కథంతా 1965 జనవరి నుంచి మార్చి వరకే. చలికాలం, అందరికీ కోట్లు, నల్ల సూట్లు, సన్న టైలు. ఒకే రకం కార్లు. ఊరేగింపులో నడిచినవాళ్లే చర్చిలోనూ కూర్చుంటారు. ఒకసారి కుట్టించిన బట్టలు సినిమా అంతా పనికొస్తాయి. పైగా ఎడ్మండ్ పెటస్ వంతెన 1940లో కట్టింది, ఇప్పటికీ అదే ఉక్కు కమానుతో అలాగే నిలబడి ఉంది. సెట్ వేయనక్కర్లేదు. మార్చి 7న ఊరేగింపు మీద పోలీసుల లాఠీలు విరిగిందీ, 9న కింగ్ వెనక్కి తిరిగిందీ, 21న రాష్ట్ర రాజధాని మాంట్‌గొమరీకి నడక సాగిందీ ఆ వంతెన మీదే. ఒకే లొకేషన్‌లో మూడు ముఖ్యమైన ఘట్టాలు దొరకడం ఏ ప్రొడక్షన్ మేనేజర్‌కైనా పెద్ద ఊరట.

మార్చి 7 సీన్‌ను మరోసారి జాగ్రత్తగా చూడండి. ఆరోజు నడిచింది సుమారు 600 మంది. బాష్పవాయువు మొదలవగానే తెర తెల్లగా కమ్ముకుంటుంది. ఆ తెలుపులోంచి ఒక గుర్రం, ఒక లాఠీ, కిందపడిన ఒక మనిషి మాత్రమే బయటికొస్తారు. జనం ఎక్కడిదాకా ఉన్నారో మనకు తెలియదు. నిజంగా అక్కడున్నవాళ్లకు కనిపించింది కూడా అంతే. చరిత్రకు నమ్మకంగా ఉన్న షాటే జూనియర్ ఆర్టిస్టుల ఖర్చునూ తగ్గించింది. చివర్లో మాంట్‌గొమరీ చేరిన జనం 25,000 మంది. అక్కడ దర్శకురాలు అవా డువర్నే ఆనాటి అసలు ఫుటేజీనే కలిపారు. అంత జనాన్ని మళ్లీ పోగుచేయాల్సిన అవసరం రాలేదు.

జనం సంగతి వచ్చింది కాబట్టి 'గాంధీ' గురించి చెప్పాలి. 1981 జనవరి 31న ఢిల్లీ రాజ్‌పథ్‌లో తీసిన అంతిమయాత్రకు 3 లక్షల మందికి పైగా వచ్చారు. వాళ్లలో ఎక్కువమంది డబ్బు తీసుకోకుండా వచ్చినవాళ్లే, మిగతావాళ్లకు ఇచ్చింది కూడా చాలా చిన్న మొత్తం. 11 కెమెరా యూనిట్లు 20,000 అడుగుల ఫిల్మ్ తీశాయి. ఎడిటింగ్ అయ్యాక మిగిలింది 125 సెకన్లు. ఇది భారతదేశంలో, ప్రభుత్వం తోడుండగా మాత్రమే జరిగే పని. ఆ సినిమాకు మొదట కదిలిన కోటి డాలర్లు కేంద్ర ప్రభుత్వ చలనచిత్రాభివృద్ధి సంస్థ ఎన్‌ఎఫ్‌డీసీవి. అప్పుడు ఆ సంస్థ అధ్యక్షుడు మన తెలుగు నిర్మాత డి.వి.ఎస్. రాజు. ఆ సొమ్ము వచ్చాకే మిగతా పెట్టుబడి సమకూరింది. కాబట్టి 'గాంధీ'ని చూసి "మొత్తం జీవితం తీయొచ్చు" అనుకునేవాళ్లు ముందు అలాంటి అండ తమకు ఉందో లేదో చూసుకోవాలి.

ఖర్చు ఎక్కువైతే ఏమవుతుంది? డబ్బు పోతుంది, అంతేగా అనుకుంటాం. నన్ను ఎక్కువ బాధపెట్టేది అది కాదు. ఖర్చు పెరిగేకొద్దీ సినిమా మీద దర్శకుడి పట్టు తగ్గుతూ పోతుంది. 'మాల్కం ఎక్స్'కి వార్నర్ బ్రదర్స్ ఒప్పుకున్నది 2 కోట్ల డాలర్లు. విదేశీ హక్కుల మీద మరో 80 లక్షలు వచ్చాయి. దర్శకుడు స్పైక్ లీకి కావలసింది 3.3 కోట్లు. తన 30 లక్షల పారితోషికంలో 20 లక్షలు ఆయనే సినిమాలో పెట్టారు. అయినా చాలలేదు. హాలీవుడ్‌లో కంప్లీషన్ బాండ్ కంపెనీలని ఉంటాయి. సినిమా చెప్పిన బడ్జెట్‌లో పూర్తవుతుందని డబ్బు పెట్టినవాళ్లకు హామీ ఇచ్చేవి. బడ్జెట్ దాటిందంటే లెక్కల పెత్తనం వాటిదే. ఇక్కడా అదే జరిగింది. ఎడిటింగ్ నడుస్తుండగానే బాండ్ కంపెనీ ఖర్చుల మీద అదుపు తీసుకుని ఇక పైసా ఇవ్వనంది.

అప్పుడు స్పైక్ లీ ఫోన్ తీసుకుని ఒక్కొక్కరినీ అడిగారు. ఓప్రా విన్‌ఫ్రే, మైఖేల్ జోర్డాన్, మ్యాజిక్ జాన్సన్, జానెట్ జాక్సన్, ప్రిన్స్, ట్రేసీ చాప్మన్ లాంటివాళ్లు డబ్బిచ్చారు. పెట్టుబడిగా కాదు, ఉచితంగా. 1992 మే 19న, మాల్కం పుట్టినరోజున, హార్లెంలోని షాంబర్గ్ సెంటర్‌లో ఆ విషయం ప్రకటించారు. ఆ ఘటన చదివినప్పుడల్లా నాకు గర్వంగానూ ఉంటుంది, కోపంగానూ ఉంటుంది. ఒక జాతి తన నాయకుడి కథను కత్తెర నుంచి కాపాడుకోవడానికి చందాలు వేసుకోవాల్సి వచ్చింది. ఆ ఫోన్ కాల్స్ అందరు దర్శకులూ చేయలేరు, చేసినా అవతల ఎత్తేవాళ్లు ఉండరు. కొత్తగా తీసేవాళ్లకు నేను ఒక్క ఘట్టమే మేలని చెప్పేది అందుకే. అంతకుముందు 2 లక్షల డాలర్లలో సినిమా తీసిన డువర్నేని నమ్మి 2 కోట్లు ఇవ్వగలిగారు. అదే 5 కోట్లు కావాలని ఉంటే ఆ కుర్చీలో ఆమె కూర్చునేవారా అన్నది నాకు పెద్ద అనుమానం.

హక్కుల ఖర్చు ఒకటి మరచిపోతుంటారు. కింగ్ ప్రసంగాలు ఆయన వారసుల ఆధీనంలో ఉన్నాయి, సినిమాకు వాడుకునే హక్కును ముందే వేరే సంస్థ తీసుకుంది. డువర్నే ఆ ప్రసంగాల పోకడ, ఊపు పట్టుకుని మాటలు మాత్రం కొత్తగా రాశారు. ఘట్టం చిన్నది కాబట్టే ఇది కుదిరింది. జీవితం మొత్తం తీస్తే 1963 వాషింగ్టన్ ప్రసంగాన్ని తప్పించుకోవడం ఎలా? 'ఐ హావ్ ఎ డ్రీమ్' అన్న ఆ నాలుగు మాటలు లేకుండా కింగ్ కథ చెప్తే హాల్లో ఎవరూ ఒప్పుకోరు.

జార్జియా ప్రభుత్వ రాయితీ కూడా పెద్ద విషయమే. ఆ రాష్ట్రంలో పెట్టిన ఖర్చు మీద 20 శాతం, చివర్లో రాష్ట్ర లోగో వేస్తే మరో 10 శాతం పన్ను రాయితీ. 'సెల్మా' చాలావరకు అక్కడే తీశారు. ఒక్క ప్రాంతంలో నడిచే కథ అయితేనే ఇలాంటి రాయితీ పూర్తిగా కలిసొస్తుంది. 'మాల్కం ఎక్స్' అమెరికా దాటి ఈజిప్టుకూ, దక్షిణాఫ్రికాకూ, మక్కాకూ వెళ్లింది. మక్కాలోకి ముస్లింలు కానివాళ్లకు ప్రవేశం లేదు కాబట్టి అక్కడి కోసం పూర్తిగా ముస్లింలతోనే వేరే యూనిట్ కట్టాల్సి వచ్చింది.

ఇంత చెప్పాక కూడా ఒక మాట ఒప్పుకోవాలి. మాల్కంని మూడు నెలల్లో చెప్పలేం. ఆయన కథలో ముఖ్యమైనది ఒక చట్టమో, ఒక యాత్రో కాదు, ఆ మనిషి మారడం. దొంగతనాలు చేసినవాడు మతబోధకుడవడం, తెల్లవాళ్లంతా సైతానులన్నవాడు మక్కాలో తెల్లని ముస్లిం పక్కన కూర్చుని తినడం. మధ్యలో ఏ మెట్టు తీసేసినా చివరి మెట్టుకు అర్థం ఉండదు. అలాంటి జీవితానికి ఖర్చు భరించాల్సిందే. సెల్మా కథ అలాంటిది కాదు. జనవరిలో కింగ్ ఎవరో మార్చిలోనూ ఆయనే. మారాల్సింది దేశం, ఆ మార్పు 1965 ఆగస్టు 6న ఓటు హక్కు చట్టంగా కళ్లముందుకొచ్చింది. మీ కథలో మారేది మనిషా, చుట్టూ ఉన్న లోకమా అని అడిగి చూసుకోండి. లోకమే అయితే ఘట్టం చాలు.

వెబ్ సిరీస్ సంగతి కూడా అడుగుతున్నారు. ఎపిసోడ్లు పెరిగితే కాలాలు పెరుగుతాయి, పైన చెప్పిన ఖర్చంతా మళ్లీ వచ్చి కూర్చుంటుంది. డాక్యుమెంటరీ చవక అనుకోవద్దు, పాత ఫుటేజీ లైసెన్సుల గడువు తీరితే 'ఐస్ ఆన్ ది ప్రైజ్' లాంటి గొప్ప సిరీస్ కూడా ఏళ్ల తరబడి మూలన పడింది.

ఇప్పుడు నన్నే తీయమంటే ఫానీ లూ హేమర్‌ని తీస్తాను. మిసిసిపీ పత్తి చేలల్లో పనిచేసిన ఆమె 1962లో ఓటు నమోదుకు వెళ్లినందుకు ఉన్న చోటు నుంచి వెళ్లగొట్టారు. 1963లో వినోనా జైల్లో కొట్టించారు. ఆ రెండింటినీ నేను తీయను. 1964 ఆగస్టు 22న అట్లాంటిక్ సిటీలో డెమోక్రటిక్ పార్టీ కమిటీ ముందు ఆమె కూర్చుని ఆ రెండూ చెప్పింది. టీవీ కెమెరాలు ఆమె మీద ఉండకూడదని ప్రెసిడెంట్ జాన్సన్ అప్పటికప్పుడు ప్రెస్ మీట్ పెట్టాడు. అయినా ఆ రాత్రి చానళ్లు ఆమె మాటలను వేశాయి. ఒక హాలు, కొన్ని హోటల్ గదులు, సముద్రం ఒడ్డున చెక్కబాట, వేసవి బట్టలు. బస్సులో దిగిన మిసిసిపీ జనం పాతిక మందో ముప్పై మందో చాలు. వాళ్లందరికీ ఒకే వారం, ఒకే రకం కార్లు. కొట్టిన సీన్ ఒక్క షాట్ కూడా లేకుండా, చెబుతున్న ఆమె ముఖం మీదే కెమెరా ఉంచుతాను. మిగిలిన డబ్బంతా ఆ పాత్ర చేయగల నటి కోసం ఖర్చు పెడతాను.