555 గంటల రికార్డరు కొనేముందు ఈ లెక్క చూసుకోండి

వాయిస్ రికార్డరు కొనబోతున్నవారు, అందులోనూ ఇంట్లో పెద్దవాళ్ల పాటలో హరికథలో దాచుకుందామని కొంటున్నవారు, పెట్టెమీద పెద్దగా అచ్చువేసిన గంటల అంకెను నమ్ముకొని మాత్రం కొనకండి. నేను అలాగే కొని, మళ్లీ దొరకని పాటలను పాడుచేసుకున్నాను.

నాది 8 జీబీ మెమరీ ఉన్న చిన్న రికార్డరు. పెట్టెమీద 555 గంటలని ఉంది. అన్ని గంటలు పడుతుందంటే మంచిదే అయి ఉంటుందనుకొని, సెట్టింగులేవీ ముట్టుకోకుండానే మా అమ్మమ్మ చేత రెండు రోజులు మంగళహారతులు, దంపుళ్ల పాటలు పాడించాను. ఇంటికొచ్చి హెడ్‌ఫోన్స్ పెట్టుకొని వింటే ఆవిడ గొంతు నీళ్లలోంచి వస్తున్నట్టుంది. సీతమ్మ అన్న చోటల్లా ఫీతమ్మ అని వినిపిస్తోంది. మా పిన్ని వేసిన తాళాల మోత ఇసుక రాలినట్టు గరగరమంటోంది. ఫైలు వివరాలు చూస్తే 32 కేబీపీఎస్ (సెకనుకు 32 వేల బిట్లు), శాంప్లింగ్ రేటు (సెకనుకు ధ్వనిని ఎన్నిసార్లు కొలుస్తుందో ఆ లెక్క) 8 కిలోహెర్ట్జ్, అంటే 8 వేలసార్లు అని ఉంది. అమ్మమ్మకు ఇప్పుడు ఆయాసం. రెండు చరణాలు కూడా పాడలేదు.

8 జీబీ అంటే 6,400 కోట్ల బిట్లు. సెకనుకు 32,000 బిట్లే రాస్తే 20 లక్షల సెకన్లు, అంటే 555 గంటలు వస్తాయి. ధ్వనిని కుదించకుండా దాచే సీడీ స్థాయి వేవ్ ఫైలుకు సెకనుకు 44,100 కొలతలు, కొలతకు 16 బిట్లు, రెండు ఛానళ్లు, వెరసి 14 లక్షల పైచిలుకు బిట్లు కావాలి కాబట్టి, అదే మెమరీలో పన్నెండున్నర గంటలే పడుతుంది. పెట్టెమీది అంకె అబద్ధం కాదు గానీ, దేన్ని కోసేస్తే అన్ని గంటలు వచ్చాయో అక్కడ చెప్పలేదు. శాంప్లింగ్ రేటులో సగం దాకా పౌనఃపున్యం ఉన్న ధ్వనులే రికార్డవుతాయి. 8 కిలోహెర్ట్జ్ పెడితే 4 కిలోహెర్ట్జ్ పైన ఉన్నదంతా పోతుంది. స, శ లకు ఉండే ఆ సన్నని ఊదు, తాళాల గణగణ చాలావరకు ఉండేది అక్కడే. తరువాత ఆ ఫైలును వేవ్‌గా మార్చినా, ఈక్వలైజరుతో ఎంత సవరించినా, అసలు రికార్డు కానిది తిరిగి రాదు. షాపులో అడిగితే, "పెట్టెమీద రాసినన్ని గంటలు వస్తున్నాయిగా సార్" అన్నారు, వెనక్కి తీసుకోలేదు.

మాటలకైతే 192 కేబీపీఎస్ ఎంపీ3 చాలు, 8 జీబీలో 92 గంటలు పడుతుంది. పాటకు మాత్రం వేవ్‌లోనే పెట్టండి. అందుకు మెమరీ కార్డు వేసుకునే వీలున్న రికార్డరునే అడగండి. 32 జీబీ కార్డులో 50 గంటల వేవ్ పడుతుంది. మెనూలో ఎల్‌పీ అని ఉంటే అది ఎక్కువ సమయం కోసం నాణ్యత తగ్గించే సెట్టింగు. డబ్బు కట్టేముందు షాపులోనే ఒక నిమిషం రికార్డు చేసి, స, శ, ష ఉన్న మాటలు నాలుగు పలికి, హెడ్‌ఫోన్స్‌లో వినండి. రికార్డరు సొంత స్పీకరులో తేడా తెలియదు. ఆ రెండు రోజులూ పాట పాటకీ నేను ఆ స్పీకరులోనే విని, బాగానే వస్తోందని అమ్మమ్మకు చెప్పాను.