జెర్క్ చికెనా, కర్రీ గోటా: కొత్త కరేబియన్ హోటల్లో ఏది మేలు?

తిరుపతిలో కరేబియన్ హోటల్ కొత్తగా తెరిచారంటే చాలామంది నోట ముందు వచ్చేది జెర్క్ చికెన్. పేరు మోసిన వంటకం అదే మరి. అయినా మొదటి నెలల్లో కర్రీ గోట్ (మేక మాంసం కూర), దానికి తోడు దాల్‌పూరి రోటీ తెప్పించుకోవడమే మేలు. తేడా అంతా పొయ్యి దగ్గరే వస్తుంది.

జెర్క్ జమైకా వంట. దాని ప్రాణం పొగ. అక్కడ పిమెంటో కట్టెల నిప్పుల మీద, పైన రేకు కప్పి, సన్నసెగన గంటకు పైగా కాలుస్తారు. ఆ చెట్టు ఎండుకాయలే ఆల్‌స్పైస్. ఆ కట్టె మన దగ్గర దొరకదు కాబట్టి తెలిసినవాళ్లు నానబెట్టిన ఆల్‌స్పైస్ కాయలు బొగ్గుల మీద చల్లి మూతపెడతారు. అది ఫర్వాలేదు. తందూర్‌లో పెడితేనే చెడేది: ఆ మంటకు మసాలాలోని చక్కెర ముందే మాడి చేదెక్కుతుంది, ఎముక దగ్గర పచ్చిగా మిగులుతుంది, పొగ పట్టే వ్యవధీ ఉండదు. ముక్కలకు పట్టించే ముద్దలో ఆల్‌స్పైస్, థైమ్ అనే వాసన ఆకు, ఉల్లికాడలు, అల్లం, స్కాచ్ బోనెట్ మిరప పడి రాత్రంతా ఊరాలి. స్కాచ్ బోనెట్ బదులు గుంటూరు మిరప వేస్తే కారం వస్తుంది గానీ ఆ పండు వాసన రాదు. అదే జాతిదైన హబనేరో నయం.

కర్రీ గోట్‌కు ఈ చిక్కులు తక్కువ. 1838 నుంచి గయానాకు, 1845 నుంచి జమైకా, ట్రినిడాడ్‌లకు కలకత్తా, మద్రాసు రేవుల్లో ఓడలెక్కిన కూలీలతో వెళ్లిన కూర, అక్కడ థైమ్, ఆల్‌స్పైస్ కలిసి మారింది. కిలో ఎముకల మాంసానికి రెండు మూడు టేబుల్‌స్పూన్ల కర్రీ పొడి. అందులో పసుపు ఎక్కువ, కారం తక్కువ. పొడిని ముందు నూనెలో బాగా వేయించకపోతే పచ్చి పసుపు వాసన వస్తుంది. ముదురు మేక రెండు గంటలు మెల్లగా ఉడకాలి. కుక్కర్‌లో మాంసం మెత్తబడినా పులుసు పలచన. తర్వాత మూత తీసి ఇంకించాల్సిందే. స్కాచ్ బోనెట్ మిరపకాయను కోయకుండా, చిట్లకుండా అలాగే వేస్తారు, పళ్లెంలోకి వస్తే నలపకుండా పక్కన పెట్టండి. వంటవాడు గరంమసాలా దట్టించాడంటే అది మన మటన్ కూరే, దానికోసం అంత దూరం వెళ్లక్కర్లేదు.

దాల్‌పూరి అంటే పూర్ణంలో తీపి లేని ఓళిగ. జీలకర్ర కలిపిన పప్పు పలుకుగా ఉడకాలి; తడి మిగిలితే వత్తేటప్పుడు రోటీ చిరుగుతుంది. అక్కడ పసుపు బఠాణీ పప్పు వాడతారు, మన శనగపప్పుతోనూ బాగుంటుంది.

మాంసం తినని వాళ్లకు ట్రినిడాడ్ డబుల్స్: రెండు మెత్తని బారాల (నూనెలో వేయించిన చిన్న రొట్టెలు) మధ్య శనగల కూర, చింతపండు చట్నీ. అప్పటికప్పుడు వేయించితేనే రుచి, ఆరితే సాగుతాయి. కొండకు వచ్చిపోయే వాళ్లు ఒక మాట తప్పక అడగాలి: చేపల వడలు వేసిన నూనెలోనే బారాలు కూడా వేయిస్తున్నారా?

నలుగురు వెళ్తే రెండు కర్రీ గోట్, ఒక రాజ్మా కొబ్బరిపాల అన్నం, మనిషికొక రోటీ సరిపోతాయి. బొగ్గుల మీద కాలుస్తున్నామని చెబితే అప్పుడు ఒక జెర్క్ కూడా చెప్పండి.