దేవ్ దీపావళికి కాశీ వెళ్తున్నారా? పడవకి ముందే డబ్బులు పంపకండి

కార్తీక పౌర్ణమికి కాశీలో పడవ ఎక్కి దీపాలు చూద్దామనుకునే మనవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. 2025 నవంబర్ 5న మేం అయిదుగురం 17,500 రూపాయలు పోసి చూసింది ఏమిటంటే, ముందున్న పడవ వెనక భాగం. ఎక్కువ చేసి చెప్పడం లేదు, ఫోన్లో ఫోటోలు కూడా అవే ఉన్నాయి.

మనం శివాలయంలో 365 వత్తులు వెలిగించుకునే రోజునే కాశీలో దేవ్ దీపావళి అంటారు. దీపావళి వెళ్ళిన పదిహేను రోజులకి వస్తుంది. త్రిపురాసుర సంహారం అయ్యాక దేవతలంతా గంగ ఒడ్డుకి దిగివచ్చి దీపాలు పెట్టారని అక్కడివాళ్ళ నమ్మకం. అస్సీ ఘాట్ నుంచి రాజ్‌ఘాట్, ఆ పైన నమో ఘాట్ దాకా మెట్లన్నీ ప్రమిదలే. గంగ వంపు తిరిగిన ఆ ఒడ్డంతా ఒక్క చూపులో కనపడాలంటే నీళ్ళ మీద ఉండాల్సిందే. అందుకే ఆ ఒక్క సాయంత్రం పడవలో సీటుకి అంత గిరాకీ.

మూడు వారాల ముందు యాత్రల వాట్సాప్ గ్రూపులో ఒక నంబర్ వచ్చింది. ఫోన్ చేస్తే అవతలాయన శుభ్రంగా తెలుగు మాట్లాడాడు. "గోదావరి జిల్లానా సార్? మీవాళ్ళంతా కేదార్ ఘాట్ దగ్గరే కదా దిగేది" అన్నాడు. అక్కడ పడవవాళ్ళకీ పూలమ్మేవాళ్ళకీ తెలుగు రావడం వింతేం కాదు, మన సత్రాలూ ఆశ్రమాలూ ఆ చుట్టుపక్కలే. కానీ ఫోన్లో తెలుగు వినపడగానే "మనవాడే" అన్న ధీమా వచ్చేసింది చూడండి, అక్కడే పప్పులో కాలేశాను.

బజ్‌డా అంటే రెండంతస్తుల పెద్ద పడవ, పైన కుర్చీలు, మొత్తం పాతికమందే, సాయంత్రం నాలుగింటికి అస్సీలో ఎక్కించుకుని ఎనిమిదింటికి దింపుతాం, తలకి 2,500. ఇదీ బేరం. ఫోటోలు పంపాడు, అందులో లైఫ్ జాకెట్లు వేసుకుని నవ్వుతున్న కుటుంబం ఒకటి. 8,000 అడ్వాన్స్ వేశాను. స్కాన్ చేస్తే ఆయన చెప్పిన పేరు కాకుండా వేరే పేరు వచ్చింది. అడిగితే "మా బావమరిది అకౌంట్ సార్" అన్నాడు. పడవ నంబర్ ఏమిటని అడగాలని తోచనేలేదు. రైలు టికెట్ పీఎన్ఆర్ పదిసార్లు చూసుకునే మనిషిని నేను!

ఆ రోజు మూడున్నరకల్లా అమ్మ, పెద్దమ్మ, మా ఆవిడ, అబ్బాయితో అస్సీలో ఉన్నాం. నాలుగైనా ఫోన్ ఎత్తడు. నాలుగూ నలభైకి ఎత్తి, పోలీసులు ఇటు రానివ్వట్లేదు, తులసీ ఘాట్‌కి రండి అన్నాడు. ఆ జనంలో తోసుకుంటూ అక్కడికి వెళ్తే, ఇక్కడ కూడా కాదు, చేత్ సింగ్ ఘాట్ దగ్గరికి రండి అన్నాడు. పెద్దమ్మకి మోకాళ్ళ నొప్పులు, నాలుగు మెట్లకోసారి కూర్చోబెట్టాం. మన దగ్గరికన్నా అక్కడ ముందే చీకటి పడుతుంది, నవంబర్ మొదట్లో ఐదుంబావుకే పొద్దుగూకుతుంది. మేం ఇంకా మెట్లు దిగుతూ ఎక్కుతూ ఉండగానే దీపాలు వెలిగిపోయాయి.

ఆరున్నరకి చూపించిన పడవకి పై అంతస్తు లేదు, కుర్చీలు లేవు, అడ్డంగా వేసిన చెక్కలున్నాయి. పాతికమంది పట్టేదాంట్లో నేను లెక్కపెట్టినంతవరకు 43 మంది. జాకెట్లు ఏవని అడిగితే పడవ కుర్రాడు ముందువైపు గోనెసంచి చూపించాడు. మూతి తాడుతో కట్టేసి ఉంది. పోలీసులు కనపడితే ఇస్తాడట! ఫోన్లో మాట్లాడినాయన జాడ లేదు. కుర్రాడు మాత్రం మిగిలిన 4,500తో పాటు, ఇవాళ రేటు పెరిగింది కాబట్టి తలకి ఇంకో వెయ్యి ఇవ్వండి, లేకపోతే దిగిపోండి అన్నాడు. వెనకేమో జనం, ముందేమో నీళ్ళు, పెద్దమ్మేమో అప్పటికే చెక్క మీద కూలబడిపోయింది. ఇచ్చేశాను.

దశాశ్వమేధ ఘాట్ దాకా కూడా పోలేదు. పడవల మధ్య ఇరుక్కుని, డీజిల్ పొగ పీలుస్తూ కాసేపు ఆగి, ఏడున్నరకల్లా ఎక్కించిన చోటే దింపేశాడు. నేతిలో నానబెట్టి ఇంటి నుంచి తెచ్చుకున్న వత్తుల కట్టని అమ్మ చివరికి రాత్రి తొమ్మిదింటికి కేదార్ ఘాట్ మెట్ల మీద వెలిగించుకుంది.

పడవవాళ్ళందరూ ఇంతే అని మాత్రం అనను. మర్నాడు పొద్దున మమ్మల్ని తెడ్ల పడవలో తిప్పిన ముసలాయన అడిగిన దానికన్నా ఒక్క రూపాయి ఎక్కువ తీసుకోలేదు. అసలు సంగతి ఆయనే విడమరిచి చెప్పాడు. ఆ సాయంత్రానికి పడవలున్నవాళ్ళు చాలామంది పడవ మొత్తాన్ని ఒకే పార్టీకి ముందే మాట్లాడేసుకుంటారట. మధ్యవాళ్ళ చేతిలో పడవే ఉండదు. సీట్లు అమ్మేసి, ఆ రోజు ఎక్కడ ఖాళీ దొరికితే అక్కడ జనాన్ని కుక్కుతారు. మమ్మల్ని మూడు ఘాట్లు తిప్పింది పోలీసుల వల్ల కాదు, ఖాళీ పడవ దొరక్క అన్నమాట.

కాబట్టి పడవ కావాలంటే ఒకట్రెండు రోజులు ముందే చేరుకోండి. పొద్దున్నే ఘాట్‌కి వెళ్ళి పడవని కళ్ళతో చూసి, నడిపే మనిషితోనే మాట్లాడండి. పడవ మీద రాసి ఉన్న నంబర్‌ని, ఆయన్ని కలిపి ఒక ఫోటో తీసుకోండి. ఎందుకండీ ఫోటో అని చిరాకు పడేవాడి దగ్గర బేరం ఆపేయండి. ఎక్కడ ఎక్కించుకుంటాడు, ఏ ఘాట్ దాకా తీసుకెళ్ళి తిప్పుతాడు, ఎంతమందిని ఎక్కిస్తాడు అన్నవి వాయిస్ మెసేజ్‌లో చెప్పించుకోండి. కొద్దిగా అడ్వాన్స్ ఇచ్చి మిగతాది దిగాకే ఇవ్వండి. జాకెట్ ఒంటి మీదికి వచ్చాకే పడవ కదలాలి. పేచీ వస్తే దశాశ్వమేధ ఘాట్‌లో జల్ పోలీస్ చౌకీ ఉంది. మాకు అది మర్నాడు తెలిసింది.

పెద్దవాళ్ళు వెంట ఉంటే నా మాట విని అసలు పడవే మానేయండి. మూడింటికల్లా ఘాట్ మెట్ల మీద చోటు పట్టుకుని కూర్చుంటే పైసా ఖర్చు లేదు. నడవగలిగినవాళ్ళు పంచగంగా ఘాట్‌కి వెళ్ళండి, అహల్యాబాయి హోల్కర్ కట్టించిన రాతి దీపస్తంభం అక్కడే ఉంది. గోదౌలియా, మైదాగిన్ వైపు పండగ రోజు బళ్ళు రానివ్వరు, ఆటోవాడు ఎంత దూరంలో దింపుతాడో ముందే అడగండి. కేదార్ ఘాట్ దగ్గర గది తీసుకుంటే సోనార్‌పురా వైపు నుంచి రావచ్చు.

విశ్వనాథుడి గుడి దగ్గర ఇంకో తంతు. లోపలికి ఫోన్ తీసుకెళ్ళనివ్వరు కదా, "లాకర్ ఫ్రీ" అని పిలిచే కొట్లో పెడితే పూజ బుట్ట కొనేదాకా తాళం ఇవ్వరు. మా దగ్గర 600 గుంజారు. ఫోన్లు గదిలోనే వదిలేసి వెళ్ళండి. టికెట్ దర్శనం కావాలంటే దేవస్థానం వెబ్‌సైట్లోనో కౌంటర్లోనో తీసుకోండి, సందులో చెయ్యి పట్టుకుని లాగేవాళ్ళ దగ్గర కాదు.

పడవ దిగిన ఆ రాత్రే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి కంప్లయింట్ పెట్టాను. కంప్లయింట్ నంబర్ అయితే వచ్చింది, డబ్బు రాలేదు. బ్యాంకువాళ్ళు "పిన్ మీరే కొట్టారు కదండీ" అన్నారు. వాట్సాప్ గ్రూపులో ఆ మనిషి మళ్ళీ మెసేజ్ పెట్టాడు, 2026 నవంబర్ 24 దేవ్ దీపావళికి ఇప్పుడే బుక్ చేసుకుంటే డిస్కౌంటట. కింద అదే ఫోటో, జాకెట్లు వేసుకుని నవ్వుతున్న కుటుంబం.