చామంతికి తలలు తుంచడం, కొమ్మలు వంచి కట్టడం: కొన్నేళ్ల వాడకం తరువాత

మిద్దె మీద కుండీల్లో చామంతి పెంచేవారు, మొక్క ఒకటి రెండు కాడలుగా ఏపుగా లేచి, చివర గుప్పెడు పూలు పూసి, ఆ బరువుకే పక్కకు వాలిపోవడం చూసే ఉంటారు. హైదరాబాదులో మా మిద్దె తోటలో కొన్నేళ్లుగా ప్రతి వానాకాలమూ ఈ మొక్కలకు తలలు తుంచుతూ, కొమ్మలు వంచి కడుతూ వస్తున్నాను. ఎరువులకు పెట్టిన డబ్బు కన్నా పైసా ఖర్చులేని ఈ పనే పూలను ఎక్కువగా ఇచ్చిందని గట్టిగా చెప్పగలను.

కొన చిగురులో తయారయ్యే ఆక్సిన్ అనే హార్మోను కాడ వెంట కిందికి దిగుతూ, ఆకుల మొదళ్లలోని పక్క చిగుళ్లను ఎదగనివ్వదు. కొన తీసేస్తే ఆ అదుపు తొలగి పక్క కొమ్మలు బయలుదేరుతాయి. నాటిన నాలుగు వారాలకు మొదటిసారి, ఏడెనిమిది వారాలకు రెండోసారి తుంచుతాను. బొటనవేలి గోటితో నొక్కగానే లేత కొన పుటుక్కున తెగి, వేళ్లకు ఘాటైన చామంతి వాసన అంటుకోవాలి. అలా కాక నార సాగుతూ వస్తే కాడ ముదిరిందని అర్థం, అప్పుడు ఇంకాస్త పైన, లేతగా ఉన్నచోట తుంచాలి.

ఇందులో అసలు కీలకం ఎప్పుడు ఆపాలన్నదే. చామంతి పగలు తగ్గి రాత్రులు పెరిగే కాలంలో మొగ్గ తొడిగే మొక్క కనుక, శీతాకాలపు రకాలకు ఆగస్టు దాటాక నేను గోరు తగలనివ్వను. ఆ తరువాత తుంచితే కొత్త కొమ్మ ఎదగడానికి గడువు చాలక పూత వెనకబడి పలచబడుతుంది. రాత్రి చీకటి కూడా అంతే ముఖ్యం. వీధి దీపం వెలుగు పడే పిట్టగోడ పక్క కుండీలు, మిగిలినవన్నీ మొగ్గ మీద ఉన్నప్పుడు కూడా పచ్చగా ఆకులే వేస్తుండగా, వాటిని నీళ్ల ట్యాంకు వెనక చీకట్లోకి జరిపాక మొగ్గలు కనిపించాయి. పాలీహౌసుల్లో, అంటే ప్లాస్టిక్ పట్టా కప్పిన పందిళ్లలో, పూలు పెంచే రైతులు రాత్రిపూట దీపాలు పెట్టి పూతను వెనక్కి నెట్టడం, నల్లగుడ్డ కప్పి ముందుకు తేవడం ఈ గుణాన్ని వాడుకునే పద్ధతులే.

కొమ్మలు వంచి కట్టడం వల్ల మొక్క నడుమకు ఎండ, గాలి చేరతాయి. రసం పీల్చే చిన్న పురుగులైన పేనుబంక పట్టినా తొందరగా కంటపడుతుంది. దీనికి మెత్తని జనపనార పురి చాలా బాగా పనిచేసింది. సన్నని నైలాను దారం మాత్రం లేత కాడను కోసేస్తుంది. చామంతి కాడ పెళుసు, కాబట్టి పొద్దున్నే నీళ్లు పట్టాక నిండుగా బిగిసి ఉన్నప్పుడు వంచకూడదు. మధ్యాహ్నం కాస్త వడలినప్పుడు నెమ్మదిగా వంచితే విరగదు. కుండీలకు అడ్డంగా కట్టే వల నాకంతగా నచ్చలేదు. నేల మడుల్లో అది మేలేమో కానీ, కుండీని జరపాల్సి వచ్చినప్పుడు పెద్ద అడ్డంకి. నాలుగు వెదురు పుల్లలు గుచ్చి చుట్టూ పురి తిప్పితే సరిపోతుంది.

కాడకు ఒక్క మొగ్గనే ఉంచి మిగిలినవి గిల్లివేసే పద్ధతి పెద్ద పూల రకాలకే తగినది. మాల కట్టుకునే చిట్టి చామంతికి అలా చేస్తే చేతికొచ్చిన పూలను పారేసినట్టే.