పుర్రచేతి వాటానికి ఎయిర్ పిస్టల్ గ్రిప్: మాధవమాల చెక్క వాడాక నా మాట

షూటింగ్ పోటీల్లో ఆడే ఎయిర్ పిస్టల్ మీద ఇంకో పది రూపాయలు పెట్టాలనుకుంటే ముందు గ్రిప్ మీదే, అంటే చేత్తో పట్టుకునే పిడి మీదే పెట్టండి. ట్రిగ్గర్, గురి చూసే సైట్లు, బరువులు, కళ్ళద్దాలు అన్నీ ఆ తర్వాతే. గట్టిగా చెప్తున్నానని అనుకోవద్దు, రెండేళ్లకు పైగా దాదాపు రోజూ చేత్తో పట్టుకున్న వస్తువు గురించి చెప్తున్నాను.

నాది పుర్రచేతి వాటం. పైగా చిన్న చెయ్యి. ఈ రెండూ కలిస్తే పిస్టల్ దొరకడం ఎంత కష్టమో కుడిచేతి వాళ్లకు చెప్పినా అర్థం కాదు. నేను కొన్నది స్టెయిర్ ఎల్‌పీ10, సెకండ్ హ్యాండ్. పేల్చినప్పుడు ముక్కు పైకి ఎగరకుండా లోపల స్టెబిలైజర్ ఉంటుంది, ఆ పిస్టల్ గురించి కొత్తగా నేను చెప్పేదేమీ లేదు, ఆడేవాళ్లందరికీ తెలిసిందే. దాంతోపాటు వచ్చిన గ్రిప్ మాత్రం కుడిచేతిది. మన దగ్గర సెకండ్ హ్యాండ్‌లో దొరికే పిస్టళ్లు దాదాపు అన్నీ కుడిచేతివే, ఎడమది కావాలంటే గ్రిప్ విడిగా తెప్పించుకోవాలి.

తెప్పించుకున్నాను. డీలర్‌కి చెయ్యి కొలతలు పంపాను, కాగితం మీద అరచెయ్యి పెట్టి గీత గీసి ఫొటో కూడా పంపాను. స్మాల్ అడిగితే మీడియం వచ్చింది. కస్టమ్స్ కట్టి వచ్చిన సరుకు వాపసు తీసుకోం అన్నారు. పాతిక వేలు దాటిన వస్తువు, చేతిలో పెట్టుకుంటే చూపుడు వేలు ట్రిగ్గర్‌కి కొసతో మాత్రమే తగులుతుంది. ట్రిగ్గర్‌ని వెనక్కి జరుపుకోవచ్చు, జరిపాను, అదీ కొంతవరకే. వేలి కొసతో లాగితే పిస్టల్ పక్కకు నెట్టుకుపోతుంది, ఎంత నెమ్మదిగా నొక్కినా అంతే. ఆ కోపం నాకు ఇప్పటికీ పోలేదు. పేరు చెప్పను గానీ గ్రిప్ ఆర్డర్ ఇచ్చేవాళ్లు సైజు మారితే వాపసు తీసుకుంటారా లేదా అని రాతపూర్వకంగా తెప్పించుకోండి, ఫోన్‌లో మాట మీద డబ్బు వేయొద్దు.

పెద్దదైన గ్రిప్‌ని చిన్నది చేయడం, చిన్నదాన్ని పెద్దది చేయడం కంటే కష్టం. చిన్నదైతే ఎమ్‌సీల్ (కలిపి పూస్తే రాయిలా గట్టిపడే ముద్ద) కలిపి ఖాళీ ఉన్నచోట అద్దుకోవచ్చు, పిస్టల్ ఆడేవాళ్లలో సగం మంది గ్రిప్పుల మీద ఎమ్‌సీల్ మచ్చలు ఉంటాయి. పెద్దదైతే చెక్క తీసేయాలి. వెనకవైపు, బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య చీలికలో కూర్చునే చోట, ఆకురాయితో అరగదీశాను. వేలు ముందుకు వచ్చింది. అయితే అరచేతి కింద అప్పటిదాకా నిండుగా ఉన్న చోట ఇప్పుడు గాలి ఆడుతోంది, అక్కడ ఎమ్‌సీల్ పెట్టాను. ఒకచోట తీయడం, ఇంకోచోట పెట్టడం. చివరికి అది సగం చెక్క, సగం బూడిదరంగు ముద్ద.

ఆ ముద్దే నాకు మేలు చేసింది.

శ్రీకాళహస్తి రోడ్డులో ఏర్పేడు దగ్గర మాధవమాల ఉంది కదా, చెక్కతో దేవుడి విగ్రహాలు చెక్కే ఊరు. మా ఇంట్లో ఉన్న వెంకటేశ్వరస్వామి విగ్రహం అక్కడిదే. దాని చెయ్యి వేళ్లు చూస్తూనే నాకు ఈ ఆలోచన వచ్చింది, ఇంత సన్నటి వేళ్లు చెక్కేవాళ్లకు నా వేళ్లు కూర్చునే గాడి ఒక లెక్కా అని. ఎయిర్ పిస్టల్ అంతా పట్టుకెళ్తే జనం కంగారు పడతారు కాబట్టి ఎమ్‌సీల్ పూసిన గ్రిప్ ఒక్కటే విప్పి తీసుకెళ్లాను. అక్కడ పనిచేసే పెద్దాయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఏంది మ్మా ఇది, పుర్రచేతికా?" అన్నాడు. ఎవరూ చెప్పకుండానే కనుక్కున్నాడు! "అవునన్నా, నా చేతికి సరిగ్గా కూర్చోవాల" అంటే, "అయితే నీ చెయ్యి కావాల మ్మా, ఈ ముద్దతో పని గాదు" అని నా చేతికి కొబ్బరినూనె రాయించి, మైనం ముద్ద ఒకటి పెట్టి గట్టిగా పట్టుకోమన్నాడు. నేను పిస్టల్ ఎత్తినట్టు మోచెయ్యి బిగించి, భుజం ఎత్తుకు చాపి పట్టుకున్నాను. కూర్చుని పట్టుకుంటే ఒక అచ్చు, నిలబడి చెయ్యి చాపి పట్టుకుంటే ఇంకో అచ్చు పడుతుంది. మణికట్టు వంపు మారగానే బొటనవేలి కింద కండ ఉబ్బే తీరు మారిపోతుంది. గ్రిప్ చేయించుకునేవాళ్లు ఈ ఒక్క విషయం మాత్రం పట్టించుకోండి, షాట్ కొట్టే భంగిమలోనే అచ్చు ఇవ్వండి.

చెక్క దగ్గర అందరూ అడిగేది ఎర్రచందనం. తిరుపతి అనగానే అదే గుర్తొస్తుంది మరి. దాని జోలికి వెళ్లొద్దు, శేషాచలం చెట్టు, చట్టం చాలా గట్టిగా ఉంది, ఒక చిన్న ముక్కకు కూడా కాగితాలు ఉండాలి. పెద్దాయన కూడా ఆ మాటే ఎత్తలేదు. పాత ఇంటి ద్వారబంధం నుంచి తీసిన టేకు ముక్క ఒకటి చూపించాడు. ఎన్నో ఏళ్లు ఎండకీ వానకీ నానిన చెక్క ఇక వంకర పోదు అన్నాడు. విదేశీ గ్రిప్పులు ఎక్కువగా వాల్‌నట్ (అక్రోటు) చెక్కతో చేస్తారు, అది మా వైపు ఎక్కడ దొరుకుతుంది?

కొలతల కాగితం నేనే రాసిచ్చాను, ఎందుకంటే పోటీల్లో నియమాలు ఉంటాయి. పిస్టల్ మొత్తం 420 మి.మీ. పొడవు, 200 ఎత్తు, 50 మందం ఉన్న పెట్టెలో పట్టాలి. అరచెయ్యి కింద ఆనే పలక గ్రిప్‌కి 90 డిగ్రీల కంటే తక్కువ కోణంలో పైకి లేవకూడదు. గ్రిప్‌లో ఏ భాగమూ చేతిని చుట్టేయకూడదు, మణికట్టుకు ఆసరా ఉండకూడదు. (ఈ చివరి నియమం వల్లే పిస్టల్ పట్టే చేతికి గడియారం, గాజులు కూడా ఉండకూడదు. మా అత్తమ్మకి ఇది ఇప్పటికీ నచ్చదు, పోటీ అయిపోగానే ఫోన్ చేసి గాజులు వేసుకున్నావా అమ్మా అని అడుగుతుంది.) 50 మి.మీ. మందం దగ్గరే అందరూ ఇరుక్కుంటారు, బొటనవేలు ఆనే గట్టు ఒక పక్కా అరచేతి పలక ఇంకో పక్కా పెరిగితే ఇట్టే దాటిపోతుంది. పెద్దాయన 47 దగ్గర ఆపాడు.

గ్రిప్ చేతికి వచ్చాక ఒక పరీక్ష ఉంది, ఖర్చు లేనిది. నిలబడి, కళ్ళు మూసుకుని, పిస్టల్ పైకెత్తి, నెమ్మదిగా టార్గెట్ ఎత్తుకు దించి ఆపి, అప్పుడు కళ్ళు తెరవాలి. ముందు సైటు వెనక సైటు గాడిలో సరిగ్గా మధ్యలో, పైఅంచులు సమానంగా ఉంటే గ్రిప్ మీదే. పాతదాంతో కళ్ళు తెరిస్తే ముందు సైటు గాడి గోడకు అతుక్కుని ఉండేది, ప్రతి షాట్‌కీ మణికట్టు తిప్పి సరిచేసుకునేదాన్ని. పోటీలో 60 షాట్లూ అలా తిప్పుకుంటూ కొడితే 40 దాటేసరికి ముంజేయి వణుకుతుంది. కొత్త గ్రిప్ పెట్టిన రోజు తిరుపతి కొర్లగుంటలో మా మేడ మీద వరండాలో కళ్ళు మూసుకుని ఎత్తాను. తెరిచాను. మధ్యలో ఉంది. దించి మళ్ళీ ఎత్తాను, మళ్ళీ మధ్యలోనే. పెల్లెట్ వేయకుండా చాలాసేపు ఉట్టినే ఎత్తి దించుతూ ఉండిపోయాను, అంత సంతోషం.

చూపుడు వేలు మొదటి కణుపు మధ్యభాగం ట్రిగ్గర్ మీద పడింది. అరచేతి లోపల ఎక్కడా ఖాళీ లేదు, ఎక్కడా ఒత్తుకోదు. మధ్యవేలి కింద పెద్దాయన చిన్న గట్టు ఒకటి వదిలాడు, నేను అడగలేదు, అచ్చులో అలా పడింది కాబట్టి వదిలానన్నాడు. ఆ గట్టే అన్నింటికంటే గొప్పగా పనిచేస్తోంది. చెయ్యి ప్రతిసారీ అదే చోటికి వెళ్లి కూర్చుంటుంది. 600కి 530 దగ్గర తిరుగుతున్న స్కోరు 545 దాటింది.

ఇక దాని కష్టం.

పిస్టల్ ఫ్రేముకు గ్రిప్‌ని పట్టి ఉంచేది ఒక్క స్క్రూ. ఆ స్క్రూ తల ఆనేది నేరుగా చెక్క మీద. నవంబరు వానల్లో ఏమీ కాలేదు, చెక్క తేమ పీల్చి కాస్త ఉబ్బి ఇంకా బిగుతుగా కూర్చుంది. ఎండాకాలం వచ్చాక మొదలైంది. మా ఊళ్ళో మే నెల ఎండ తెలుసు కదా, వరండాలో మధ్యాహ్నం పూట గోడ మీద చెయ్యి పెట్టలేం. షాట్లు నల్లటి వలయంలోనే పడుతున్నాయి గానీ ఒక గుంపుగా పడట్లేదు. ఒక వరస పైన, ఇంకో వరస కింద. సైటు తిప్పితే కాసేపు బాగుంటుంది, మళ్ళీ మారుతుంది. కంటి పరీక్ష చేయించుకున్నాను, ట్రిగ్గర్ లాగడానికి పట్టే బరువు 500 గ్రాముల తూనికరాయితో చూసుకున్నాను, అన్నీ బాగున్నాయి. చివరికి చెన్నైలో ఒక ఓపెన్ పోటీకి వెళ్లినప్పుడు పక్క లేన్‌లో ఆడే అమ్మాయి పిస్టల్ చేతికి తీసుకుని, ఒక చేత్తో గ్రిప్, ఇంకో చేత్తో ఫ్రేము పట్టుకుని మెల్లగా మెలిపెట్టింది. "అక్కా, వినపడిందా?" అంది. సన్నగా టిక్ మని చప్పుడు. వెంట్రుకవాసి ఆడుతోంది. అంత ఆట చాలు, ఎందుకంటే పది మీటర్ల దూరంలో పది పాయింట్లిచ్చే నడి వలయం వెడల్పు 11.5 మి.మీ. మాత్రమే.

చెక్క ఎండి సన్నబడింది, స్క్రూ తల కింద మెత్తబడి లోపలికి దిగింది. బిగిస్తే ఇంకా దిగుతుంది. విదేశీ గ్రిప్పుల్లో ఆ చోట లోహం ముక్క ఉంటుంది, మా టేకు గ్రిప్‌లో అది లేదు. తిరుపతిలోనే ఒక లేత్ వర్క్‌షాపులో ఇత్తడి వాషర్ చేయించి, చెక్కలో దానికి గాడి తీయించి, ఎమ్‌సీల్‌తో కూర్చోబెట్టాను. ఆ తర్వాత రెండు ఎండాకాలాలు గడిచాయి, మళ్ళీ ఆడలేదు. అయినా పోటీకి వెళ్లే ముందు మెలిపెట్టి చూసుకోవడం మానలేదు. అలెన్ కీ, ఒక అదనపు స్క్రూ పెట్టెలో ఎప్పుడూ ఉంటాయి. టోక్యో ఒలింపిక్స్‌లో, 2021లో, 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ పోటీలో మను భాకర్ పిస్టల్ కాకింగ్ లివర్ (ప్రతి షాట్‌కీ పిస్టల్‌ని సిద్ధం చేసే మీట) విరిగి బాగుచేయించుకోవడంలోనే బోలెడు సమయం పోయింది, 575 కొట్టి 12వ స్థానంలో ఆగింది, ఫైనల్‌కి రెండే రెండు పాయింట్లు తక్కువ. అదే అమ్మాయి 2024లో పారిస్‌లో అదే పోటీలో కాంస్యం తెచ్చింది, అది వేరే సంగతి. ఒలింపిక్స్ స్థాయి పిస్టలే ఆగిపోతే మన చేతి పనికి ఎంత జాగ్రత్త కావాలి?

వార్నిష్ వేయొద్దు. నున్నగా మెరుస్తుంది, చెమట పట్టగానే జారుతుంది. మొదట్లో పెద్దాయన విగ్రహానికి వేసినట్టు మెరుగు పెట్టిచ్చాడు, ఉప్పు కాగితంతో అదంతా గీకేసి, చిన్న ఉలి కొసతో గాట్లు పెట్టించి, అవిసె నూనె మాత్రం పట్టించాను. ఆర్నెల్లకోసారి నూనె పట్టిస్తే చాలు.

మిగతా సామాను గురించి రెండు ముక్కలు. గొట్టం కింద తగిలించే బరువులు కొని తీసేశాను, కిలో అటూ ఇటూ ఉండే పిస్టలే నా చేతికి ఎక్కువ. ఎలక్ట్రానిక్ ట్రిగ్గర్ చేతికి తీసుకుని చూశాను, చాలా బాగుంది, నా స్థాయికి ఆ ధర అక్కర్లేదు. నలభై దాటినవాళ్లు కళ్ళద్దాల మీద పెట్టే డబ్బు వృథా కాదు, ముందు సైటు స్పష్టంగా కనపడేలా పవర్ అడగండి, టార్గెట్ మసగ్గా ఉన్నా ఫర్వాలేదు. సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు మాత్రం గ్రిప్ కంటే ముందు ఎయిర్ సిలిండర్ మీద చెక్కిన తేదీ చూడండి. పదేళ్లు దాటితే పోటీలో ఒప్పుకోరు, కొత్తదానికి ఇంకో గ్రిప్ అంత ఖర్చు.

పైన స్కోరు గురించి చెప్పాను కదా, అదంతా గ్రిప్ వల్లే అనలేను. ఆ ఏడాది పిల్లవాడు హాస్టల్‌కి వెళ్లడంతో ఉదయం ప్రాక్టీస్‌కి గంట ఎక్కువ దొరికింది. చెయ్యి నొప్పి తగ్గడం మాత్రం కచ్చితంగా దీనివల్లే.

ఎవరికి పనికొస్తుంది అంటే, ఎడమచేతి వాళ్లకి, చెయ్యి మరీ చిన్నదో పెద్దదో అయినవాళ్లకి, మాధవమాలకి రెండు మూడు సార్లు తిరగగలిగేంత దగ్గర్లో ఉన్నవాళ్లకి. ఒక్కసారిలో కుదరదు, అరగదీయించుకోవడానికి మళ్ళీ మళ్ళీ వెళ్లాలి. కుడిచేతి వాటం, మామూలు సైజు చెయ్యి అయితే కంపెనీ గ్రిప్‌కి కాస్త ఎమ్‌సీల్ అద్దుకుంటే సరిపోవచ్చు. ఇంకొకటి, ఇది నా చేతి అచ్చు కాబట్టి దీనికి మారు ధర లేదు, ఎవరూ కొనరు. పిల్లలకు పిస్టల్ కొనిచ్చే తల్లిదండ్రులు ఈ మధ్య నన్ను ఇదే అడుగుతున్నారు. పన్నెండేళ్ల చెయ్యి ఏడాదికోసారి మారుతుంది, ఎదుగుదల ఆగేదాకా చెక్క చెక్కించకండి, ఎమ్‌సీల్‌తోనే నెట్టుకురండి.