బ్రెస్ట్ లిఫ్ట్ అయి 8 నెలలు: సర్జన్‌కి పూర్తి మార్కులు, క్లినిక్‌కి సగమే

ఇద్దరు పిల్లలకి పాలిచ్చాక, ఆ తర్వాత 16 కిలోలు తగ్గాక నా రొమ్ములు బాగా జారిపోయాయి. కింది మడత చెమటకి ఒరుసుకుని ఎప్పుడూ ఎర్రగా మండుతుండేది. ఐదేళ్లు ఆలోచించి చేయించుకున్నాను. నలుగురిలో అడిగి తెలుసుకునే విషయం కాదు కదా, అందుకే దాచకుండా రాస్తున్నాను.

సర్జన్ గారు మొదటి రోజే తేల్చి చెప్పారు: ఇది రొమ్మును పైకి లేపుతుంది గానీ పెద్దది చేయదు, ఆకారం వస్తుంది గానీ మచ్చలు మిగులుతాయి. కొద్దిగా జారినవాళ్లకి చనుమొన చుట్టూ కోతతోనో, దానికి తోడు కిందికి ఒక నిలువు కోతతోనో సరిపోతుంది. నాకు ఆ రెండూ కాక కింది మడత వెంబడి అడ్డంగా ఇంకోటి, అంటే మొత్తం లంగరు ఆకారం. ఫోటోలు చూపించమంటే చక్కగా మానినవే కాదు, మచ్చ లావుగా ఉబ్బినవి కూడా చూపించారు. నాకు ఆవిడ మీద నమ్మకం కుదిరింది అక్కడే. ఇంకా పిల్లలు కావాలనుకుంటే ఆగమన్నారు, ఎందుకంటే గర్భం వస్తే మళ్లీ జారొచ్చు, పాలివ్వగలమన్న గ్యారంటీ కూడా ఉండదు.

ఆపరేషన్ రోజు మత్తు ఇవ్వకముందే నన్ను నిలబెట్టి, మెడ కింది ఎముక నుంచి టేపుతో కొలిచి మార్కర్‌తో గీతలు గీశారు. పడుకుంటే రొమ్ములు పక్కలకి జారిపోయి అసలు కొలత తెలియదట. ఎడమ వైపు గీత నచ్చక రెండుసార్లు తుడిచి గీశారు. చనుమొనను పూర్తిగా కోసి తీసి మళ్లీ అతికిస్తారేమోనని నాకు పెద్ద భయం, కానీ మామూలుగా అలా చేయరు, లోపలి రొమ్ము కణజాలంతో, రక్తనాళాలతో కలిపే పైకి జరుపుతారు. మొత్తం మూడు గంటలు పట్టింది.

నొప్పి నేను భయపడినంత లేదు, నాలుగు రోజులు బిళ్ళలతో సరిపోయింది. అసలు కష్టం చేతులు పైకెత్తలేకపోవడం. రెండు వారాలు నా జుట్టు మా అక్కే దువ్వింది. నెల రోజులు వెల్లకిలా పడుకోవాలి, ఆరు వారాలు రాత్రీపగలూ సర్జికల్ బ్రా, బరువులు ఎత్తకూడదు, పిల్లల్ని కూడా. కట్టు విప్పి మొదటిసారి చూసుకున్నప్పుడు ఏడ్చేశాను, ఎందుకంటే మరీ ఎత్తుగా, పలకలుగా, కుట్ల దగ్గర చర్మం ముడతలు పడి ఉన్నాయి. మూడో నెలకి వాపు తీసి, కిందికి సర్దుకుని ఆకారం వచ్చింది. ఆ టెన్షన్ ఎవరూ పడొద్దు, మొదట అందరికీ దాదాపు అలాగే ఉంటుంది.

ఇక క్లినిక్ సంగతి. మూడో వారంలో నిలువు కుట్టూ అడ్డ కుట్టూ కలిసే చోట బొట్టుబిళ్ళంత మేర విడిపోయి తడిగా కనిపించింది. ఫోన్ చేస్తే రెండు రోజులు "డాక్టర్‌గారికి చెప్తాం మేడమ్" అన్నారే తప్ప ఎవరూ తిరిగి చేయలేదు. మూడో రోజు నేనే వెళ్లి కూర్చున్నాను. సర్జన్ చూసి, చర్మం ఎక్కువగా లాగేది అక్కడే, తరచూ విడేది కూడా అక్కడేనని చెప్పి రోజూ డ్రెస్సింగ్ చేయించారు, మూడు వారాల్లో మానింది. ఈ ముక్క డిశ్చార్జ్ కాగితంలో రాస్తే పోయేది కదా? అందులో మందుల పేర్లు తప్ప ఏమీ లేవు. మీరు వెళ్తే రాత్రిపూట ఎవరికి ఫోన్ చేయాలో ముందే రాయించుకోండి. ఒక వైపే ఉన్నట్టుండి గట్టిగా వాచినా, జ్వరం వచ్చినా, చీము పట్టినా, చనుమొన నల్లబడుతున్నా తెల్లారేదాకా ఆగొద్దు. సిగరెట్ అలవాటు ఉంటే కనీసం నెల ముందే మానేయాలి, రక్తం సరిగ్గా అందక చర్మం చచ్చిపోయే ప్రమాదం ఉంది. తర్వాత ఎప్పుడు మామోగ్రామ్ (రొమ్ముల ఎక్స్‌రే) తీయించుకున్నా ఈ సర్జరీ సంగతి చెప్పాలి.

ఇప్పుడు మడతలో ఆ మంట పోయింది, బట్టలు నప్పుతున్నాయి, చేయించుకున్నందుకు సంతోషంగానే ఉన్నాను. మచ్చలు ఇంకా ఎర్రగోధుమ రంగులో ఉన్నాయి, కుడి వైపుది కాస్త ఉబ్బితే సిలికాన్ జెల్ రాస్తున్నాను, పాలిపోవడానికి ఏడాది, ఏడాదిన్నర పడుతుందన్నారు. ఎడమ చనుమొనకి స్పర్శ పూర్తిగా రాలేదు, చన్నీళ్లు పోసుకుంటే కుడివైపే ముందు తెలుస్తోంది.