జాగ్రత్త: ‘నేరుగా మేమే కొంటాం’ అన్నవారు నా భూమినే బేరానికి పెట్టారు

ఖాళీ భూములను రొక్కం ఇచ్చి వెంటనే కొంటామని ఉత్తరాలు పంపి, వారం తిరక్కుండా ఫోన్లు చేసే బాపతు మనుషులు మీకూ తగిలే ఉంటారు కనుక వారి గురించి వివరించను. ఊరికి దూరంగా, ఇల్లు గాని బావి గాని లేని మా భూమికి ఏటా పన్ను కట్టడమే తప్ప ఒరిగిందేమీ లేదు. ఉత్త నేల మీద అప్పివ్వడానికి బ్యాంకులు వెనకాడతాయి కనుక కొనేవారూ అరుదే. అందువల్ల బయటి ధరలో 60 శాతమే ఇస్తామన్నా ఒప్పుకొన్నాను. తొందర నాది, తగ్గింపు వారిది. అందులో మోసమేమీ లేదు, ఆ విషయంలో నాకు కోపమూ లేదు.

కోపమంతా ఒప్పందంపై సంతకం చేసిన 26వ రోజు జరిగినదాని గురించే. భూమి కోసం వెతుకుతున్న బంధువు ఒకరు నాకొక ప్రకటన పంపి, ‘ఇది మీది కాదు కదా?’ అని అడిగారు. నాదే. ధర మాత్రం నాకు చెప్పినదానికి దాదాపు ఒకటిన్నర రెట్లు ఉంది. ఆ ఫొటో కూడా నేను తీసి వారికి పంపినదే. ఎండలో నేల మీద పడిన నా నీడను కూడా తీసేయకుండా అలాగే పెట్టారు. కింద ‘రోడ్డుకు ఆనుకొని ఉన్న స్థలం’ అని గొప్పగా రాశారు.

వెంటనే ఫోన్ చేసి, మీరే కొంటామన్నారు కదా అని అడిగితే, అంతవరకు నన్ను ‘సార్, సార్’ అంటూ పలకరించిన మనిషి నవ్వి, ‘ఒప్పందంలో పదకొండో అంశం చదవలేదా? ఈ భూమిని కొనే మా హక్కును ఎవరికైనా బదిలీ చేసుకోవచ్చని ఉంది. చదువుకున్నవారే కదా!’ అన్నాడు. అంతటితో ఆగకుండా, భూమికి సరైన దారి లేదని తమ పరిశీలనలో తేలిందనీ, ధర ఇంకా తగ్గించాలనీ అన్నాడు. ప్రకటనలో ఉన్న రోడ్డు నా దగ్గరికి వచ్చేసరికి ఎటు పోయిందో ఆయనకే తెలియాలి. కుదరదన్నాను. ‘అయితే మీరు ఇంకెవరికీ అమ్మలేరు, ఒప్పందాన్ని రిజిస్టర్ చేయించాం’ అని ఫోన్ పెట్టేశాడు.

ఇతరుల పత్రాలలో తప్పులు పట్టడమే ఉద్యోగంగా బతికిన నేను, నా సొంత పత్రాన్ని ఫోన్ తెరమీద చూస్తూ ధర ఉన్న వరుస, తేదీ ఉన్న వరుస మాత్రమే చదివి సంతకం చేశాను. ఏ కారణమూ చెప్పకుండా 60 రోజుల లోపు తప్పుకునే వీలు వారికి ఉంది, నాకు లేదు. వారిచ్చిన బయానా ధరలో ఒక శాతం కూడా లేదు. పెద్దగా పెట్టుబడి లేకుండానే నా భూమిని అంగట్లో పెట్టుకోవడానికి నేనే తాళం చెవి అందించాను. ఇప్పుడు ఆ ఒప్పందాన్ని రద్దు చేయించడానికి వకీలుకు ఫీజు కడుతున్నాను.

సంతకం చేయబోయేవారు ఎవరైనా ఉంటే, హక్కు బదిలీ అంశాన్ని కొట్టేయించండి, డబ్బు సిద్ధంగా ఉందనడానికి బ్యాంకు పత్రం అడగండి, వెనక్కి ఇవ్వనక్కర్లేని బయానా తీసుకోండి. నిజంగా తామే కొనేవారికి ఈ మూడింటిలో ఏదీ కష్టం కాకూడదు. అన్నట్టు, ఆ ప్రకటన ఇంకా ఉంది, నా నీడతో సహా.